సీల్ మార్చినా ముందు స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ కారతానే ఉంది, ఇంజన్ దించాల్సిందేనా? – ఇంపల్స్ 2012

పెన్నా_ఇసుక, తాడిపత్రి:

అన్నలూ, కొంచెం హెల్ప్ కావాల. బండి హీరో ఇంపల్స్, 2012 మోడల్, నేను మూడో ఓనర్ని. తీసుకున్నప్పటి నుంచి ఎడమపక్క ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) కవర్ కింద ఆయిల్ వస్తాంది. మొదట్లో తేమ మాదిరి ఉండె, ఇప్పుడు ఒక గంట పెన్నాలో ఇసుకలో తిప్పి ఇంటికొస్తే చాలు కవర్ కింద, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకొనే ఇనుప చేయి) మీద, సైడ్ స్టాండ్ స్ప్రింగ్ మీద అంతా ఆయిలే, దానికి దుమ్ము పట్టి ముద్దలు కడతాంది. వెనక టైర్ ఎడమ అంచుకు కూడా చిమ్ముతాంది, నా భయం అదే, క్వారీ రోడ్లలో కంకర మీద ఆ పక్కకి వాల్చినప్పుడు టైర్ జారితే నా పరిస్థితి ఏంది.

ఈడ షెడ్డులో స్ప్రాకెట్ వెనకాల షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, మార్పించినా, కొన్నాళ్ళు బాగుండె, మళ్ళా మొదలైంది. ఇంకో షెడ్డులో మార్పించినా, వాళ్ళు సీల్ చుట్టూ ఎర్ర పేస్ట్ కూడా కొట్టినారు, అదీ నిలవలా. ఇప్పుడేమో ఇంజన్ దించి కేసులు విప్పాల, బేరింగులు ప్యాకింగులు అన్నీ మార్చాల అంటాండారు. డబ్బులు ఎట్లోకట్ల సర్దుకుంటా, కానీ ఈ బండి కంపెనీ వాళ్ళు ఆపేసి చాన్నాళ్ళయింది, ఒకసారి మొత్తం విప్పినాక ఏదన్నా సామాను దొరక్కపోతే బండి అట్లే మూలన పడుతుంది, నాకది ఇష్టం లేదు. ఈ బండి మీద నాకు ప్రాణం.

ఇంకో సంగతి, రాత్రి సైడ్ స్టాండ్ మీద పెట్టి కింద అట్టముక్క పరిచి చూసినా, పొద్దునకి ఒక్క చుక్క లేదు. ఊళ్ళో మెల్లగా పోయొచ్చినా ఏం లేదు. గట్టిగా తోలితేనే వస్తాంది. పొగ లేదు, పికప్ బాగుంది. ఆయిల్ లెవెల్ మాత్రం తగ్గుతాంటే కొంచెం కొంచెం పోస్తాండా. ఏం చేయమంటారు?


ఓర్వకల్లు_రాళ్ళు, కర్నూలు:

బ్రో, ముందు అది ఇంజన్ ఆయిలేనా కాదా అది తేల్చుకో. ముందు స్ప్రాకెట్ కవర్ లోపల చైన్ లూబ్ చిమ్మి చిమ్మి నెలల తరబడి పేరుకుంటుంది, ఎండకి అది కరిగి కింద కారతాంటే అందరూ సీల్ పోయింది అనుకుంటారు. చైన్ లూబ్ అయితే వేళ్ళ మధ్య సాగుతుంది, జిగటగా ఉంటుంది, నల్లగా ఇనుప రజను కనపడతాది. ఇంజన్ ఆయిల్ పల్చగా జారిపోతాది.

ఇంజన్ ఆయిలే అని తేలితే ఎక్కడినుంచి మొదలవుతాందో కనుక్కో, ఎక్కడ కారతాందో కాదు. గాలికి వెనక్కి పోతాది, బరువుకి కిందికి దిగుతాది, నువ్వు చూసేది చివరి చోటు. కవర్ విప్పేసి డీజిల్ పోసి బ్రష్‌తో మొత్తం కడుగు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, పెట్రోల్ మాత్రం వాడొద్దు. తర్వాత సోపు నీళ్ళు, గాలి కొట్టించి బాగా ఆరనీ. ఆరినాక మామూలు ముఖానికేసుకునే టాల్కం పౌడర్ ఉంది కదా, దాన్ని ఆ ఏరియా అంతా చల్లేసేయ్, సీల్ చుట్టూ, గేర్ లివర్ షాఫ్ట్ చుట్టూ, మాగ్నెట్ (కరెంటు పుట్టించే భాగం) కవర్ అంచుల వెంబడి, వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర, పైన సిలిండర్ కింద ప్యాకింగ్ దగ్గర కూడా. ఒక రెండు మూడు కిలోమీటర్లు తోలి ఆపి టార్చ్ వేసి చూడు. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనపడతాది. ఎక్కువ దూరం పోతే మొత్తం తడిసిపోయి మళ్ళీ ఏం తెలీదు, అందుకే తక్కువ దూరమే పో.

గేర్ షాఫ్ట్ సీల్ కూడా ఆ పక్కనే ఉంటుంది గుర్తుపెట్టుకో. చాలామంది స్ప్రాకెట్ సీల్ మార్చి దాన్ని వదిలేస్తారు.


బుల్లెట్_బాషా, కడప:

ఇంత దూరం ఎందుకు బ్బా, కవర్ విప్పి బాగా క్లీన్ చేసి సిలికాన్ పేస్ట్ మందంగా పట్టించి ఒక రాత్రి వదిలేయ్. నా బండికి అట్లే చేసినా, ఇంతవరకు ఏం కాలా.


పాతబస్టాండ్_షెడ్డు, కర్నూలు:

తమ్ముడూ, నేను కర్నూల్లో షెడ్డు నడుపుతా. దయచేసి ఇంజన్ అప్పుడే దించనీయొద్దు. అసలు విషయం నీ పోస్టులోనే ఉంది. రాత్రంతా పెడితే చుక్క లేదు, మెల్లగా తోలితే లేదు, గట్టిగా తోలితేనే వస్తాంది. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకే వాలుతుంది, ఆయిల్ కూడా ఆ పక్కకే చేరుతుంది. సీల్ నిజంగా చిరిగిపోయి ఉంటే చాలావరకు ఆ రాత్రే అట్టముక్క మీద మరక పడాల. పడలేదంటే సీల్ మీద లోపలినుంచి ప్రెజర్ పడతాంది అని నా అనుమానం.

కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది అర్థం కాకనే జనం సీల్ మీద సీల్ మారుస్తా ఉంటారు. సింగిల్ సిలిండర్ ఇంజన్లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్ కేసులో, అంటే ఇంజన్ కింది డబ్బాలో, ఉన్న గాలిని తోస్తుంది. నీది 150 సీసీ కదా, ఒక్కో చుట్టుకి సుమారు అంత గాలి అటూ ఇటూ ఆడతాంటుంది. ఇసుకలో సెకండ్ గేర్లో 6000 ఆర్‌పీఎం మీద తిప్పినావంటే సెకనుకు 100 సార్లు. దానికి తోడు ఎంత మంచి ఇంజన్లో అయినా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కిందికి జారుతుంది. ఇదంతా బయటికి పోయేదానికి ఒకటే దారి, బ్రీదర్ పైపు. అది మూసుకుపోయిందనుకో, తోటలో డ్రిప్ పైపు చివర మడత పడితే ఎక్కడ జాయింటు వదులుగా ఉంటే అక్కడ చిమ్మినట్టు, ఇంజన్లో కూడా ఏ సీల్ మెత్తగా ఉంటే దాని పెదవి, అంటే షాఫ్ట్‌కి ఆనుకునే రబ్బరు అంచు, లేపుకొని ఆయిల్ బయటికి వస్తుంది. కొత్త సీల్ కొన్నాళ్ళు తట్టుకుంటుంది, తర్వాత అదీ లొంగిపోతుంది. నీకు అచ్చం అట్లే జరిగింది.

కాబట్టి నాకు ఇవి చెప్పు. బ్రీదర్ పైపు ఇంజన్ నుంచి యాడికి పోతాంది, కంపెనీ ఇచ్చినట్టు ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్‌కే పోతాందా, లేక ఎవురన్నా మార్చినారా? ఆయిల్ లెవెల్ ఎట్లా చూస్తాండావు? సైడ్ స్టాండ్ మీద చూస్తే డిప్‌స్టిక్ కుడిపక్క ఉంటుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది, జనం పోస్తా పోతారు, ఆయిల్ ఎక్కువైతే కూడా ఇదే తంటా, క్రాంక్ దాన్ని చిలికి బయటికి తోస్తుంది. చైన్ ఎంత బిగువుగా ఉంది? ముందు స్ప్రాకెట్‌ని చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఊపు, లటలట అంటే బేరింగ్ పోయినట్టు, అప్పుడు ఏ సీలూ నిలవదు, అప్పుడు ఇంజన్ దించాల్సిందే.

బాషా గారూ, మీ బండికి నిలిచింది సంతోషం, కవర్ ప్యాకింగ్ దగ్గర చిన్న తేమ ఉంటే పల్చగా పేస్ట్ నేనూ వేస్తా. కానీ తిరిగే షాఫ్ట్ దగ్గర పేస్ట్ ఏం ఆపలేదు. పైగా మందంగా పూస్తే బిగించినప్పుడు సగం లోపలికే పిండుకుపోతుంది, ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జాలికి అడ్డం పడితే పైన క్యామ్‌కి ఆయిల్ అందక హెడ్డే పోతుంది. అట్లాంటి ఇంజన్లు విప్పినా నేను, జాలి మీద ఎర్రటి తునకలు అతుక్కొని ఉంటాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.


పెన్నా_ఇసుక, తాడిపత్రి:

అన్నా చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా ఎవురూ చెప్పలా.

లెవెల్ నేను బండి నిలువుగా పట్టుకొనే చూస్తా, పై గీతకి కొంచెం కిందనే ఉంది. స్ప్రాకెట్ ఊపి చూసినా, ఆట లేదు. చైన్ మాత్రం బిగువుగానే ఉందనిపిస్తాంది, లాస్ట్ సర్వీసులో వదులుగా ఉందని టైట్ చేసినారు.

బ్రీదర్ సంగతి మీరు అడిగినాక పోయి చూసినా. పాత ఓనర్ ఎయిర్ బాక్స్ మొత్తం తీసేసి కార్బురేటర్‌కి డైరెక్టుగా చిన్న ఫిల్టర్ పెట్టుకున్నాడు. బ్రీదర్ పైపుకి పోయే చోటు లేక ఫ్రేమ్ వెంబడి కిందికి దించి స్వింగార్మ్ దగ్గర ప్లాస్టిక్ టై వేసి వదిలేసినాడు. చివర ఏముందో ఆ మట్టిలో సరిగా కనపడలా. ఆదివారం మొత్తం విప్పి చూస్తా. పౌడర్ పరీక్ష కూడా చేస్తా.


ప్రొద్దుటూరు_లేత్:

సామీ, బ్రీదర్ చూడు, ఆ అన్న చెప్పింది కరెక్టే. కానీ సీల్ ఇన్నిసార్లు మార్చినారు కాబట్టి షాఫ్ట్ కూడా చూడాల. మా లేత్‌కి వారానికి ఒకటన్నా వస్తుంది ఇట్లాంటి కేసు, బైకులే కాదు, ట్రాక్టర్లు, రాళ్ళ పాలిష్ మిషన్లు అన్నిటిదీ ఇదే రోగం.

సీల్ పెదవి రబ్బరే కదా అనుకుంటాం, కానీ దుమ్ము దాని కింద చేరితే అది ఆకురాయి మాదిరి పనిచేసి ఇనుప షాఫ్ట్‌నే తినేస్తుంది. మన తట్టు దుమ్ము, క్వారీ పొడి అంటే అది రాతిపిండి, మామూలు దుమ్ము కాదు. షాఫ్ట్ చుట్టూ సన్నటి గాడి పడుతుంది. కొత్త సీల్ వేసినా పెదవి పోయి అదే గాడిలో కూచుంటుంది, పట్టు ఉండదు, లీకవుతుంది. స్ప్రాకెట్ తీసి పాత సీల్ ఊడదీసినాక షాఫ్ట్‌ని గుడ్డతో తుడిచి గోరు అడ్డంగా లాగి చూడు. గోరు ఎక్కడన్నా తగులుకుంటే గాడి ఉన్నట్టే. కొన్ని ఇంజన్లలో సీల్ నేరుగా షాఫ్ట్ మీద ఉండదు, ఒక కాలర్ (షాఫ్ట్‌కి తొడిగే చిన్న గొట్టం) మీద ఉంటుంది, అట్లయితే నీ అదృష్టం, కాలర్ మారిస్తే సరిపోతుంది, కాకపోతే కాలర్ లోపల చిన్న ఓ రింగ్ ఉందేమో చూసి అదీ మార్చు. సీల్ బాగుండి ఆ ఓ రింగ్ పోతే ఆయిల్ కాలర్ కిందనుంచి షాఫ్ట్ వెంబడి వస్తుంది, చూసేవాళ్ళకి సీలే పోయినట్టు కనపడుతుంది.

గాడి తక్కువుంటే సీల్‌ని ఒక ఎంఎం బయటికి కూచోబెట్టు, పెదవి కొత్త చోట పడుతుంది. బోర్‌లో చోటు ఉంటేనే. గాడి లోతుగా ఉంటే షాఫ్ట్ మీద పల్చటి స్టీల్ స్లీవ్ తొడుగుతాం, ఇంజన్ దించకుండా కూడా చేయొచ్చు చాలాసార్లు. ఎమరీ పేపర్ పట్టాలంటే 600 కానీ 800 కానీ నంబర్, షాఫ్ట్ చుట్టూ తిప్పతా రుద్దు, పొడుగునా మాత్రం రుద్దొద్దు, ఆ గీతల వెంబడే ఆయిల్ నడిచి బయటికొస్తుంది.

సీల్ కొనేటప్పుడు పాతదాని మీద మూడు నంబర్లు ఉంటాయి. ఉదాహరణకి 20 35 7 అని ఉంటే లోపలి సైజు 20 ఎంఎం, బయటి సైజు 35, మందం 7. ఆ మూడూ కలవాల. రబ్బరు రకం కూడా అడుగు, నైట్రైల్ అయితే మామూలుగా సరిపోతుంది, వైటాన్ దొరికితే వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. రెండు పెదవులది తీసుకో, లోపలి పెదవి ఆయిల్‌ని ఆపుతుంది, బయటి చిన్న పెదవి దుమ్ముని ఆపుతుంది. సన్నటి స్ప్రింగ్ కనపడే పక్క ఇంజన్ లోపలికి ఉండాల.

ఇంక వేసే పద్ధతి, ఇక్కడే ఎక్కువ చెడగొడతారు. షాఫ్ట్ చివర పళ్ళు పదునుగా ఉంటాయి, సీల్‌ని వాటి మీదుగా తోస్తే పెదవి తెగుతుంది, కంటికి కనపడదు. ఆ పళ్ళ మీద ఇన్సులేషన్ టేప్ ఒక చుట్టు చుట్టి, పెదవికి గ్రీజు రాసి, మెల్లగా దింపు. తర్వాత సీల్ బయటి అంచుకి సరిపోయే సాకెట్ పెట్టి సమానంగా తట్టు. తిరుపుళి పెట్టి ఒక పక్క ఒక పక్క కొడితే వంకరగా దిగుతుంది. ఇంకో విషయం, కొన్ని ఇంజన్లలో ఆ సీల్‌కి బయట అంచు ఉండి రెండు కేసుల మధ్య ఇరుక్కొని ఉంటుంది, అది బయటినుంచి రాదు. మీవాళ్ళు బయటినుంచే మార్చినారు కాబట్టి నీది అట్లాంటిది కాదు, బాధ లేదు.


ఓర్వకల్లు_రాళ్ళు, కర్నూలు:

చైన్ గురించి ఒక మాట. ఈ తరహా బండ్లకి సస్పెన్షన్ పొడుగు, వెనక చక్రం పైకి లేచినప్పుడు ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ బోల్టు, వెనక యాక్సిల్ మూడూ ఒక లైన్లోకి వస్తాయి, అప్పుడు చైన్ అన్నిటికంటే ఎక్కువ బిగుస్తుంది. స్టాండ్ మీద చూసి సరిపోయింది అనుకుంటే గుంతలో దిగినప్పుడు చైన్ తీగలా బిగిసి స్ప్రాకెట్ షాఫ్ట్‌ని వెనక్కి లాగుతుంది. బేరింగ్‌కి, సీల్‌కి రెండిటికీ దెబ్బ. ఊళ్ళో బండ్లు చూసే మెకానిక్‌లు మామూలు బండి లెక్కన టైట్ చేస్తారు. ఇద్దరిని వెనక కూచోబెట్టి ఆ మూడూ లైన్లోకి వచ్చేదాకా అణిచి, అప్పుడు కూడా చైన్ కొంచెం ఆడాల. అదే సరైన కొలత.


బుల్లెట్_బాషా, కడప:

జాలి సంగతి నాకు తెలీదు అన్నా. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు జాలి తీయించి చూపిస్తా.


పెన్నా_ఇసుక, తాడిపత్రి:

అప్‌డేట్. అన్నలూ, కుమ్మరి పురుగు!

బ్రీదర్ పైపు టై కోసి బయటికి తీసినా. చివర రెండు అంగుళాల దాకా మట్టితో గట్టిగా పూడిపోయుంది. నేను మామూలు బురద అనుకొని తిరుపుళితో పొడిస్తే రాలా, సిమెంట్ మాదిరి గట్టిగా ఉంది. పైపు ఆ ముక్క కోసి నిలువుగా చీల్చి చూస్తే లోపల చిన్న చిన్న అరలు, అరకొకటి గోడ, ఆ అరల్లో ఎండిపోయిన సాలీళ్ళు. మా ఇంట్లో తలుపు మూలల్లో, కరెంట్ బోర్డు హోల్స్‌లో పెడతాదే కుమ్మరి పురుగు, అదే గూడు. షెడ్డులో పెట్టి కొన్నాళ్ళు తీయకుంటే దానికి ఆ పైపు బాగా నచ్చినట్టుంది. దానికి పైన పైపులో నీళ్ళూ ఆయిలూ కలిసిన తెల్లటి జిడ్డు నిండా ఉంది.

పైపు మొత్తం ఊడదీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆ హోల్‌లోనుంచి బుస్సు బుస్సుమని గాలి వస్తాంది, అరచెయ్యి దగ్గర పెడితే తగులుతాంది. ఇంత గాలి ఇన్నాళ్ళు ఎటుపోవాలో తెలీక ఆ సీల్ దగ్గర బయటికొచ్చిందా అని నేనూ మా తమ్ముడూ చాలాసేపు అట్లే చూస్తా కూచున్నాం.

పౌడర్ పరీక్షలో కూడా స్ప్రాకెట్ షాఫ్ట్ చుట్టూనే గీత మొదలైంది, గేర్ షాఫ్ట్ దగ్గర పొడిగా ఉంది, మాగ్నెట్ కవర్ పొడిగా ఉంది.

పైపు లేకుండా రౌండ్ కొట్టి చూసినా, చాలా తగ్గింది కానీ ఇంకా కొంచెం తేమ ఉంది. సీల్ మళ్ళా మార్చాల్సిందేనా? పైపు ఎట్లా పెట్టాల?


పాతబస్టాండ్_షెడ్డు, కర్నూలు:

చాలా సంతోషం తమ్ముడూ. పైపులో బురద చూసినా, గుడ్డపీలిక చూసినా, మడత పడింది చూసినా, కుమ్మరి పురుగు గూడు కూడా నాకు కొత్త కాదు, ఎండాకాలం షెడ్డులో పెట్టిన పంపుసెట్లకి పెడతాది.

ముందు ఆ గాలి సంగతి. బుస్సు బుస్సుమని ఆగి ఆగి రావడం సింగిల్ సిలిండర్‌కి మామూలే. ఆగకుండా పొగతో సహా వస్తే రింగులు అరిగినట్టు. నీకు పొగ లేదు, పికప్ ఉంది, కాబట్టి రింగుల జోలికి పోవద్దు.

సీల్ మార్చాల. ఇన్నాళ్ళు ప్రెజర్‌కి పెదవి బయటికి తిరిగి గట్టిపడి ఉంటుంది, ఇంక అది సరిగా కూచోదు. లేత్ అన్న చెప్పినట్టు షాఫ్ట్ గోరుతో చూసి, టేప్ చుట్టి వేయి. పాత పేస్ట్ మొత్తం తీసేయ్, బోర్ గీసుకోకుండా ప్లాస్టిక్ ముక్కతో గీకు. ఇసుక నలుసులు లోపలికి పోకుండా ముందు గుడ్డ కుక్కు.

పైపు విషయం. ఎయిర్ బాక్స్ దొరికితే కంపెనీ ఇచ్చినట్టే పెట్టమని నా సలహా, పాత బండ్లు విప్పేవాళ్ళ దగ్గర వెతుకు. దొరికేదాకా పైపే అంటే, ఆయిల్‌కి, వేడికి తట్టుకునే రబ్బరు పైపు తీసుకో, కాంక్రీట్ పనోళ్ళు వాడే తెల్ల లెవెల్ పైపు వద్దు, అది వేడికి మెత్తబడి అతుక్కుపోతుంది. ఇంజన్ నుంచి ముందు పైకి పోవాల, ట్యాంక్ కిందిదాకా, ఆడ నుంచి కిందికి దిగాల, అట్లయితే ఆయిల్ ఆవిరి చల్లబడి తిరిగి ఇంజన్లోకే జారుతుంది. చివర సన్న జాలి కట్టు, పురుగు రాదు. చివరకి ఒక జానెడు పైన పైపుకి చిన్న కోత పెట్టు, చివర మూసుకుపోయినా ఆ కోతలోంచి ఊపిరి పీలుస్తుంది.

పెన్నాలో నీళ్ళు ఉన్నప్పుడు దాటతావు కదా, ఆ పైపు చివర నీళ్ళలో మునగకూడదు. వేడి ఇంజన్ చల్లటి నీళ్ళలో దిగితే లోపల గాలి కుంచించుకుపోయి ఆ పైపులోంచే నీళ్ళు పైకి లాగుతుంది. నువ్వు చూసిన తెల్ల జిడ్డు అట్లా కూడా వచ్చి ఉండొచ్చు. ఆయిల్ ఒకసారి డ్రెయిన్ చేసి చూడు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే మార్చి తర్వాతే గట్టిగా తోలు. ఇది మాత్రం మర్చిపోవద్దు, నీళ్ళు కలిసిన ఆయిల్‌తో బేరింగులు తొందరగా పోతాయి.


ఆదోని_నల్లరేగడి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు అన్నా. నా 200 సీసీ బండికి మాగ్నెట్ కవర్ దగ్గర వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర తేమ వస్తాంది. బ్రీదర్ చూసుకున్నా, ఫ్రీగానే ఉంది. రబ్బరు చుట్టూ పేస్ట్ వేసినా ఆగలా. కవర్ ప్యాకింగ్ మార్చాలా?


పాతబస్టాండ్_షెడ్డు, కర్నూలు:

మాగ్నెట్ ఆయిల్లో తిరిగే ఇంజన్లలో అది మామూలే. రబ్బరు తీసి డీజిల్‌తో కడిగి, గాడి లోపల కూడా కడిగి బాగా ఆరనిచ్చి, అప్పుడు రబ్బరు చుట్టూ పల్చగా పేస్ట్ వేసి కూచోబెట్టి ఒక రాత్రి వదిలేయ్. ఆయిల్ తడి ఉన్నచోట ఏ పేస్టూ పట్టదు, పైన పూస్తే ఊడొస్తుంది. అప్పటికీ తేమ వస్తే వైర్ చివరి కనెక్టర్ విప్పి చూడు. వైరు తొడుగు లోపల రాగి పోగుల వెంబడి కూడా ఆయిల్ పాకుతుంది, కనెక్టర్ లోపల ఆయిల్ కనపడితే అదే దారి. ప్యాకింగ్ జోలికి ఇప్పుడే పోవద్దు.

కవర్ ఎప్పుడన్నా విప్పితే 6 ఎంఎం బోల్టులు కదా, 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు. పొడుగు పానా పెట్టి గట్టిగా లాగితే అల్యూమినియం కేసులో మరలు పోతాయి. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెం బిగించుకుంటా రా.


ఆదోని_నల్లరేగడి:

అర్థమైంది అన్నా, కనెక్టర్ విప్పి చూస్తా.


పెన్నా_ఇసుక, తాడిపత్రి:

పని అయింది. షాఫ్ట్ మీద గోరు కొంచెం తగిలింది, లోతు లేదు, లేత్ అన్న చెప్పినట్టు సీల్ ఒక ఎంఎం బయటికి కూచోబెట్టినాం, చోటు ఉండె. పాత సీల్ చేతిలో పట్టుకొని చూస్తే పెదవి ఒక పక్క బయటికి తిరిగిపోయి, వేలితో నొక్కితే ప్లాస్టిక్ మాదిరి గట్టిగా ఉంది, పక్కనే కొత్తది పెట్టి చూస్తే తేడా ఎవురికైనా తెలుస్తాది. ఆయిల్ డ్రెయిన్ చేస్తే కొంచెం మసకగా ఉండె, మొత్తం మార్చేసినా. చైన్ ఇద్దరు కూచొని అణిచి చూసి వదులు చేసినాం, ముందు ఉన్నదానికీ దీనికీ ఎంత తేడానో. పైపు పైకి పోయి దిగేటట్టు పెట్టి చివర జాలి కట్టి కోత కూడా పెట్టినా.

నిన్న గండికోట తట్టు పోయొచ్చినాం, దారిలో కొంత రాళ్ళ బాట, కొంత ఇసుక, ఎండ మండిపోతాండె, బండిని మామూలుగా ఎట్లా తోలుతానో అట్లే తోలినా. ఇంటికొచ్చి కవర్ విప్పి చూస్తే పొడిగా ఉంది, దుమ్ము పొడిదుమ్ముగానే ఉంది, వేలితో తుడిస్తే రాలిపోతాంది. టైర్ అంచు కూడా పొడిగా ఉంది. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్, ముఖ్యంగా కర్నూలన్నకి. షెడ్డు కాడికి వచ్చి కలుస్తా.

ఒక్కటి మిగిలింది. ఆయిల్ మార్చినాక డ్రెయిన్ బోల్టు దగ్గర చిన్న చుక్క కనపడతాంది, పొద్దున చూస్తే వేలాడతా ఉంది. ఇంకొంచెం బిగించాలా?


ప్రొద్దుటూరు_లేత్:

బిగించొద్దు నాయనా! ఆ బోల్టు మరలు పోగొట్టుకొని మా దగ్గరకి వచ్చేవాళ్ళే ఎక్కువ. కింద వాషర్ ఒకసారి నలిగితే పని అయిపోయినట్టే, పాతదాన్నే మళ్ళా వేసి ఉంటారు. రాగిదో అల్యూమినియందో అదే సైజు కొత్త వాషర్ తెచ్చుకో, బోల్టు కూచునే చోట పాత వాషర్ ముక్క అతుక్కొని ఉందేమో వేలితో తడిమి చూడు, ఒక్కోసారి రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అదే లీకు. బోల్టు చేత్తో చివరిదాకా తిరగాల, మధ్యలో పట్టేస్తే మరలు దెబ్బ తిన్నట్టు, అప్పుడు ఆపి నాకు చెప్పు, కొత్త మరల చుట్టు వేయొచ్చు. సాఫీగా తిరిగితే మాన్యువల్లో ఎంత టార్క్ అని ఉందో అంతే బిగించు.


పెన్నా_ఇసుక, తాడిపత్రి:

రెండు వాషర్లు ఉన్నాయి అన్నా, నువ్వు చెప్పినట్టే. ఒకటి కేసుకి అతుక్కొని ఉండె. రెండూ తీసేసి కొత్తది ఒకటే వేసినా.